పన్నెండో ఇంటి ప్రాక్సీ

నా డైరీలో ప్రతి పేజీకీ కుడివైపు ఒక నిలువు గీత ఉంటుంది. స్కేలు పెట్టి నేనే గీసుకుంటాను. గీతకి ఎడమవైపు ఆ రోజు జరిగినవి రాస్తాను. కుడివైపు, చేయాల్సి ఉండి చేయలేకపోయినవి. మర్నాడు సాయంత్రం డైరీ తెరవగానే ముందు ఆ మిగిలిన పనులన్నీ కొత్త పేజీలోకి ఎక్కిస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కు నేర్పిన పద్ధతి అది. పని పూర్తయ్యేదాకా పేజీ నుంచి పేజీకి నడుస్తూనే ఉండాలి, ఎక్కడా ఆగి కూర్చోకూడదు అనేవాడాయన. ఇన్నేళ్ళుగా ఆ పద్ధతిని మార్చలేదు. రిటైరయ్యాక కూడా.

పోయిన వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం నీళ్ళకి అవతల ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ నుంచి ఫోను వచ్చింది. ఒకప్పుడు మా పేట డైరీ ఫార్మ్‌లో మా వెనక వరసలో కాపురమున్న ఆవిడ. నన్ను అన్నయ్యా అంటుంది. అందుకని ఆవిడ కూతురికి మావయ్యనయ్యాను. చుట్టరికం ఏమీ లేదు. ఒకే తెలుగు సంఘం, ఆదివారం ప్రార్థనలో ఒకే వరస బెంచీలు. ఆవిడ భర్త దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజిను గదిలో పనిచేస్తాడు. నెలలో సగం రోజులు నీళ్ళ మీదే.

"వందనాలు అన్నయ్యా. మీకు శ్రమ ఇస్తన్నాను. అమ్మాయికి రేపు పదింటికి పరీక్ష. ఇంట్లోనే, కంప్యూటర్లోనే రాయాలంట. ఈరోజు ట్రయల్ చూసుకోమన్నారు. చూస్తే సర్వర్ నహీ మిల్ రహా, దొరకట్లేదు అని ఎర్ర అక్షరాలు వస్తన్నాయి."

"నెట్ లేదేమోనమ్మా."

"నెట్ ఉంది. అదే తమాషా. పాటలొస్తన్నాయి, పేపరొస్తంది. ఈ పరీక్షదే రావట్లేదు."

వెంటనే నాకు కారణం తట్టింది. కొన్ని వచ్చి కొన్ని రాకపోవడం నాకు బాగా తెలిసిన జబ్బు. అయినా పొరబాటై ఉండాలని కోరుకున్నాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. బయట సన్నగా జల్లు పడుతోంది.

కూతురు ఫోను తీసుకుంది. "మావయ్యా, కంప్యూటర్ దుకాణం భయ్యాని పిలిచాను. ఆయన చూసి మదర్‌బోర్డ్ గయా అన్నాడు. ఆయనకి ఏది చూపించినా మదర్‌బోర్డే. పోయిన నెల మా ఫ్యాన్ చూపిస్తే కూడా అదే అంటాడేమో అనుకున్నాను."

పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో లాబ్ టెక్నీషియన్ పోస్టుకి. ఆ పిల్ల నాలుగేళ్ళుగా ఒక లాబ్‌లో తాత్కాలికంగా పనిచేస్తోంది. ఆ పోస్టుకి వయసు హద్దు ఉంది. వచ్చేసారి ప్రకటన పడేనాటికి ఆ హద్దు దాటిపోతుంది. ఫోనులో రాయనివ్వరు, నెట్ సెంటరులో రాయనివ్వరు. తలుపు వేసిన గదిలో ఒక్కతే కూర్చోవాలి, కెమెరా చూస్తూ ఉంటుంది.

సెట్టింగుల్లో ఫలానా చోటికి వెళ్ళమన్నాను. వెళ్ళింది.

"ప్రాక్సీ అని ఉందా?"

"హా, ఉంది. కానీ అంతా బూడిద రంగులో ఉంది మావయ్యా. నొక్కితే కదలట్లేదు."

అప్పుడు ఇక కోరుకోవడానికి ఏమీ మిగలలేదు. దాన్ని అలా మూసిపెట్టింది నేనే.

ఇది అర్థం కావాలంటే సముద్రం అడుగు నుంచి కేబుల్ రాకముందు రోజుల సంగతి కొంచెం చెప్పాలి. అప్పుడు దీవులకి నెట్ అంతా ఉపగ్రహం మీద నుంచే. మబ్బు పడితే పోయేది. మా సంఘం హాలుకి ఒక కనెక్షను ఉండేది. చుట్టూ ఉన్న పన్నెండు తెలుగు ఇళ్ళవాళ్ళూ ఆ ఒక్కదాన్నే పంచుకుందామన్నారు. ఆఫీసులో చివరి పదేళ్ళూ కంప్యూటర్ల పని చూసినవాణ్ణి కాబట్టి ఆ బరువు నా మీద పడింది. హాలు పక్క గదిలో పాత కంప్యూటరొకటి పెట్టి దాన్ని ప్రాక్సీ సర్వరుగా మార్చాను. అంటే అది మధ్యలో నిలబడుతుంది. ఇళ్ళలోని కంప్యూటర్లు ఏది కావాలన్నా దాన్నే అడుగుతాయి. అది బయటికి వెళ్ళి తెచ్చి ఇస్తుంది, ఒక నకలు తన దగ్గర ఉంచుకుంటుంది. రెండో ఇంటివాళ్ళు అదే పేజీ అడిగితే ఉపగ్రహం దాకా పోనక్కర లేకుండా ఆ నకలు ఇచ్చేస్తుంది.

ఆ నకలు మూలంగా మాకొక అలవాటు ఏర్పడింది. మెయిన్‌లాండ్ నుంచి తెలుగు పేపరు విమానంలో వచ్చి చేతికందేసరికి చల్లారిపోయేది. నెట్‌లో చదువుదామంటే ఒక్కో పేజీ తెరుచుకునేలోగా టీ కాచుకుని తాగెయ్యొచ్చు. అందుకని నేను తెల్లవారుజామున లేచి పేపరులో ప్రతి పేజీనీ ఒకసారి తెరిచి మూసేవాణ్ణి. ఏడింటికి అందరూ లేచేసరికి నకళ్ళు సిద్ధంగా ఉండేవి. అన్ని ఇళ్ళలోనూ పేపరు చిటికెలో వచ్చేది. నన్ను పేపరు తాత అనేవారు. ఒక్కరోజు జ్వరమొచ్చి లేవకపోతే, "తాతా, ఈరోజు పేపరు వెయ్యలేదేటి?" అని గేటు దగ్గర నిలబడి అడిగారు.

కష్టమల్లా ఇళ్ళలో సెట్టింగులు పెట్టడమే. ప్రాక్సీ సంగతి కంప్యూటరుకి ఒకసారి చెబితే చాలదు. బ్రౌజరుకి ఒక చోట చెప్పాలి, మెయిలుకి మరో చోట చెప్పాలి. మాట్లాడుకునే ప్రోగ్రాములో వెతికితే ఎక్కడో అడుగున ఉండేది. కొన్ని ప్రోగ్రాములు కంప్యూటరు మొత్తానికి పెట్టిన సెట్టింగునే వింటాయి, కొన్ని వినవు. కొన్నింటికి ప్రాక్సీ అంటే ఏమిటో అసలు తెలియదు. ప్రతి ఇంటికీ డైరీలో ఒక పేజీ కేటాయించి, ఏ ప్రోగ్రాములో ఎక్కడ ఏ నంబరు పెట్టానో వరసగా రాసుకునేవాణ్ణి. కొత్త ప్రోగ్రాము వేసుకున్న ప్రతిసారీ కబురు వచ్చేది. పిల్లలు ఆటల కోసం సెట్టింగులు మార్చేస్తున్నారని చివరికి అందరి ఇళ్ళలోనూ ఆ సెట్టింగుల పెట్టెని మూసి పాస్‌వర్డు పెట్టాను. దాన్ని మళ్ళీ ఎలా తెరవాలో, ఎలా తీసెయ్యాలో ఒక కాగితం మీద అంచెలంచెలుగా రాసి ప్రతి ఇంట్లోనూ కంప్యూటరు దగ్గర అంటించాను. నేను పోయాక కూడా పనికొస్తుందని.

తర్వాత కేబుల్ వచ్చింది. ఎవరి ఇంటికి వాళ్ళు కనెక్షను పెట్టించుకున్నారు. అంతకుముందే మా సర్వరు పని తగ్గిపోయింది. పేజీలన్నీ భద్రత కోసం తాళం వేసుకుని రావడం మొదలైంది, వాటికి అది నకళ్ళు దాచుకోలేదు. తెల్లవారుజామున లేచి పేజీలు తెరిచినా లాభం లేదని తెలిసి కూడా కొన్ని నెలలు లేచాను. ఒకరోజు హాలులో కంప్యూటరు ఆపేశాం. ఆపిన తర్వాత, లేని సర్వరుని వెతుక్కుంటూ ఇళ్ళలో కంప్యూటర్లు నిలబడిపోకూడదని, డైరీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సెట్టింగులు తీసేశాను. పదకొండు ఇళ్ళు. పన్నెండో ఇంటివాళ్ళు ఆ నెలలోనే బాంబూఫ్లాట్‌కి మారిపోయారు, కంప్యూటరుతో సహా. "బాంబూఫ్లాట్ – సెట్టింగు తీయాలి" అని కుడివైపు రాసుకున్నాను.

పాత డైరీలు ట్రంకు పెట్టెలో ఉంటాయి. ఫోను పెట్టేశాక ఆ సంవత్సరానిది వెతికి, పన్నెండో ఇంటి పేజీలో పాస్‌వర్డు కాగితం మీదకి ఎక్కించుకుని చాథం జెట్టీకి బయలుదేరాను. అక్కడి నుంచి ఫెర్రీ పడవలో పది నిమిషాల దూరం. ఫెర్రీలో నిలబడే ఉన్నాను, కూర్చుంటే లేవడం కష్టం. ఇంత దగ్గరకి ఇన్నాళ్ళుగా ఎందుకు రాలేదు అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది, కానీ దానికి తీరికగా జవాబు చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

ఆ పిల్ల జెట్టీ దగ్గర గొడుగుతో నిలబడి ఉంది. ఇంట్లో అదే పాత కంప్యూటరు బల్ల. బల్లకి ఎదురు గోడ మీద బైబిలు వాక్యాల కేలండరు, దాని పక్కన ప్లాస్టిక్ కవరులో పెట్టి, నాలుగు మూలలా మేకులు కొట్టిన ఒక కాగితం. నా చేతిరాత. డైరీ ఫార్మ్ ఇంట్లో అంటించిన కాగితాన్ని చిరగకుండా ఊడదీసి తెచ్చి ఇక్కడ పెట్టారు.

"ఇది ఇక్కడే ఉందా!" అన్నాను.

"మీరు రాసింది కదా మావయ్యా, పారేస్తామా? అమ్మ రోజూ దులుపుద్ది."

"చదవలేదా?"

ఆ పిల్ల నవ్వింది. "నాకు తెలుగు చదవడం ఎక్కడొచ్చు? పేరు గుర్తుపడతాను, అంతే. స్కూల్లో హిందీ, ఇంగ్లీషు. నేను వాక్యం అనుకున్నాను, కేలండర్ పక్కనుంది కదా."

తల్లి వంటింట్లోంచి, "వాక్యమేటి దాని మొహం! మిషను సంగతని నాకు తెలుసును. మిషను నాది కాదు కదా అని నేను చదవలేదు" అంది.

ఆవిడ రోజూ బైబిలు తెలుగులోనే చదువుతుంది. కూతురు రోజూ ఆ కంప్యూటరు ముందే కూర్చుంటుంది. కాగితం ఇద్దరి మధ్యా గోడ మీద ఉంది. అందులో పాస్‌వర్డుతో సహా అన్నీ రాసి ఉన్నాయి. నేను ట్రంకు పెట్టె వెతకాల్సిన పనే లేదు.

పని ఐదు నిమిషాలు పట్టలేదు. సెట్టింగుల పెట్టె తెరిచి, హాలులో ఎప్పుడో ఆగిపోయిన ఆ సర్వరు నంబరు చెరిపేశాను. పాటలూ పేపరూ ఎలా వస్తున్నాయో కూడా తెలిసింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో నెట్ రాకపోతే, దుకాణం భయ్యా తన సెట్టింగు తనే చూసుకునే వేరే బ్రౌజరొకటి వేసి వెళ్ళాడు. అది ప్రాక్సీని పట్టించుకోకుండా నేరుగా వెళ్తోంది. పరీక్ష ప్రోగ్రాము మాత్రం కంప్యూటరు చెప్పిన మాట విని, లేని సర్వరు కోసం ఎదురు చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల ట్రయల్ మళ్ళీ నొక్కింది. తెర మీద తన మొహమే కనబడింది, కింద పచ్చ అక్షరాలు.

"అయిపోయిందా? ఇంతేనా?" అంది. తర్వాత మెల్లిగా, "పోయినసారి కూడా ఇవే ఎర్ర అక్షరాలు, మావయ్యా" అంది.

"పోయినసారి ఏమిటి?"

"పోయిన సాల్ ఇదే పోస్టుకి పరీక్ష రాశాను కదా. రాయడమేటి, తెరుచుకోనే లేదు. ఆరోజు పెద్ద వాన. లైన్ పోయుంటదనుకున్నాం. గంటన్నర అలా కూర్చున్నాను. ఆబ్సెంట్ వేసేశారు."

తల్లి టీ తెచ్చి ఇచ్చింది. తాగాను. తీపి ఎక్కువైందా అని ఆవిడ అడిగితే సరిపోయిందన్నాను. నాలుగున్నర ఫెర్రీకి వెనక్కి వచ్చేశాను. అది వాన వల్ల కాదని వాళ్ళకి చెప్పలేదు.

ఇంటికొచ్చి సర్వరు ఆపిన సంవత్సరానిదీ, ఆ మరుసటి ఏడుదీ, రెండు డైరీలూ ముందేసుకున్నాను. సర్వరు ఆపిన సంవత్సరంలో, కుడివైపు, "బాంబూఫ్లాట్ – సెట్టింగు తీయాలి" అన్న మాట పేజీ తర్వాత పేజీ నడుస్తూనే ఉంది. వాన అని ఒకరోజు, మోకాలు అని ఒకరోజు, ఫెర్రీ రద్దీ అని ఒకరోజు పక్కన కారణాలు. డిసెంబరు ఆఖరి పేజీలో కూడా ఉంది. కొత్త డైరీ మొదటి పేజీలో లేదు. మిగతా పనులన్నీ ఉన్నాయి: కళ్ళ చుక్కల మందు, వాటర్ ట్యాంకు మూత, సంఘం మినిట్స్ బుక్కు. అవి నా చేతిరాతలో లేవు. ఆ నెలలో నాకు కంటి శుక్లం ఆపరేషనైంది. నేను చెబుతుంటే మా ఆవిడ రాసింది.

ఆవిణ్ణి పిలిచి చూపించాను. "ఇక్కడ ఒకటి ఎక్కించడం మర్చిపోయావు."

కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చూసింది. "నేను మర్చిపోలేదు. అడిగాను మిమ్మల్ని. బాంబూఫ్లాట్‌ది రాయమంటారా అంటే, చాల్లే, ఇప్పుడెవరు వాడుతున్నారు ఆ డబ్బాని, వదిలెయ్ అన్నారు."

"నేనన్నానా?"

"కంటికి కట్టు ఉంది కదా అని మాట కూడా మీది కాకుండా పోతుందా?"

అన్నాను. ఆవిడ చెప్పాక గుర్తొచ్చింది. కట్టు కట్టిన కన్నుతో పడక్కుర్చీలో వెనక్కి వాలి, ఇంక ఎక్కడికీ తిరగక్కరలేదు అన్న సుఖంతోనే అన్నాను. పన్నెండు ఇళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి అలిసిపోయాను. ఆ ఒక్క మాట వదిలేస్తే పేజీ తేలికవుతుందనిపించింది. మర్చిపోయానని ఇంతసేపూ అనుకున్నాను, అది కూడా నిజం కాదు.

"చెప్తారా వాళ్ళకి?" అంది మా ఆవిడ.

"రేపు పొద్దున్న వెళ్తాను."

"పరీక్ష ముందు చెప్పకండి ఆ పిల్లకి. చేతులు వణుకుతాయి."

మర్నాడు తొమ్మిదింటికల్లా బాంబూఫ్లాట్‌లో ఉన్నాను. ఏదైనా తేడా వస్తే చూడడానికి వచ్చానని చెప్పాను. పదికి పది నిమిషాల ముందు ఆ పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వాళ్ళమ్మా నేనూ వరండాలో కూర్చున్నాం. గొంతు వినిపిస్తే కెమెరా తప్పు పడుతుందట. అందుకని ఆవిడ కుక్కని దూరంగా కట్టేసింది, పక్కింటి రేడియో ఆపించింది, కుక్కరు కూడా పెట్టలేదు. తలుపు కింద నుంచి మౌసు నొక్కుడు సన్నగా వినిపిస్తోంది. అది వినిపించినంతసేపూ పరీక్ష నడుస్తున్నట్టే.

అరగంట పోయాక నేను గుసగుసగా చెప్పాను. సెట్టింగు నాదేనని, తీయాల్సింది నేనేనని, పోయిన ఏడు ఆ పరీక్ష వాన వల్ల పోలేదని. మా ఆవిడ రాసిన పేజీ సంగతి కూడా చెప్పాను. ఆ తల్లి నా మొహం చూడలేదు. చీర కొంగు అంచుని వేలికి చుట్టుకుంటూ తలుపు వైపే చూసింది.

"వాళ్ళ నాన్న ఓడ దిగొచ్చి ఎంత తిట్టేడో దాన్ని" అంది చివరికి, గుసగుసగానే. "ఫోన్లో ఆటలాడి లైను పాడుచేసేవని. మూడు రోజులు అన్నం తినలేదది."

నేను మౌసు నొక్కుడు వింటూ కూర్చున్నాను.

"నేనూ అన్నాను రెండు మాటలు" అంది ఇంకాసేపటికి. లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. మళ్ళీ తన చోట కూర్చుంది.

పదకొండున్నర దాటాక తలుపు తెరుచుకుంది. "హో గయా" అంది ఆ పిల్ల. నెట్ ఒక్కసారి కూడా ఆగలేదట. కెమిస్ట్రీలో రెండు ప్రశ్నలు వదిలేసిందట. తల్లి దాన్ని కూర్చోమని, "మావయ్య ఒకటి చెప్తారంట, విను" అంది. ఈసారి గుసగుస అక్కరలేదు. వరండాలో చెప్పిందంతా మళ్ళీ చెప్పాను.

అంతా విన్నాక ఆ పిల్ల గోళ్ళు చూసుకుంది.

"ఏక్ సాల్, మావయ్యా" అంది.

"అవునమ్మా, ఏడాది."

"పాపా నన్ను అన్న మాటలు మీకు చెప్తే..." అని ఆపేసింది. లోపలికి వెళ్ళిపోయింది. ఫెర్రీకి వెళ్ళిపోదామని చెప్పులు వెతుక్కుంటుంటే మళ్ళీ బయటికొచ్చింది. చేతిలో గోడ మీది కాగితం, ఒక నోటు పుస్తకం.

"ఇది చదవండి. మొదటి నుంచి. మెల్లిగా చదవాలి."

చదివాను. నేను చదువుతుంటే ఆ పిల్ల హిందీ అక్షరాల్లో నా తెలుగుని ఉన్నదున్నట్టు రాసుకుంది. పెట్టె ఎలా తెరవాలి, పాస్‌వర్డు ఎక్కడ కొట్టాలి, నంబరు ఎలా చెరపాలి. చివరి వాక్యం దగ్గర నేను ఆగాను.

"ఇంకా ఉంది కదా లైను?"

"సర్వరు తీసేసిన రోజు నేనే వచ్చి ఈ సెట్టింగు మార్చి వెళ్తాను" అని చదివాను.

అది కూడా రాసుకుంది. రాసి, కింద గీత గీసింది. తల్లి, "ఊరుకోవే" అంది. "నేనేమన్నాను?" అంది కూతురు. జెట్టీ దాకా వస్తానని గొడుగు తీసింది. ఫెర్రీ ఎక్కేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, "మెట్టు తడిగా ఉంది, చూసుకోండి" అంది.

ఆ సాయంత్రం డైరీ రాశాను. పాత పేజీలోకి పోయి ఆ సెట్టింగు మాటని కొట్టేయాలనిపించింది, కానీ పాత పేజీలు ముట్టుకోకూడదన్నది కూడా పద్ధతే. ఆ రోజు పేజీలో ఎడమవైపు జరిగింది జరిగినట్టు రాశాను. "వదిలెయ్" అన్నది నేనేనని కూడా. కుడివైపు ఒక్కటే పని రాశాను: "బాంబూఫ్లాట్ – ఫలితం". అది నేను చేసే పని కాదు, చేయగలిగిందీ లేదు. అయినా రాశాను.

ఫలితాలు ఇంకా రాలేదు. ఆ పిల్ల పాత లాబ్‌లోనే పనిచేస్తోంది. ఆదివారం సంఘంలో కనబడితే వందనాలు మావయ్యా అంటుంది, ఇంకేమీ అనదు. నేనూ అడగను. రోజూ సాయంత్రం కొత్త పేజీకి గీత గీసి, ముందుగా ఆ మాటే ఎక్కిస్తున్నాను. చెయ్యి నొప్పిగా ఉన్న రోజున మా ఆవిడ, "ఇటివ్వండి, నేను రాస్తాను" అంటుంది. ఆ ఒక్క మాటా నేనే రాసి, తర్వాత ఆవిడకి ఇస్తున్నాను.